ప్రయాణపు పద్దు

స్టకీ కోచ్ ఆట నేనెప్పుడూ చూడలేదు.
శనివారాలు నాకు సెలవు.
అయినా ఆయన ఎక్కడెక్కడ తిరిగాడో
ఈ ఊళ్లో నాకు తెలిసినంత ఇంకెవరికీ తెలీదు.

నెలాఖరున నా బల్ల మీదికి ఒక షూ డబ్బా వస్తుంది,
నిండా నలిగిన రసీదులు.
మన్రో దాటాక పెట్రోలు, ముప్పై ఎనిమిది డాలర్లు.
మోటెల్, ఒక రాత్రికి.
రెండో రాత్రికి రసీదు లేదు,
కారులో పడుకుని ఉంటాడు, నేను అడగలేదు.
చికెన్ బిస్కట్లు రెండు.
పుట్టినరోజు కార్డు ఒకటి, స్టాంపుతో సహా.
"ఎవరికి?" అని పెన్సిల్‌తో రాసి పంపితే
"టెరియన్ నాయనమ్మకి" అని రాసి తిప్పి పంపాడు.
ఏ పద్దు కింద వెయ్యను నాయనమ్మని?

కార్డర్ స్టేట్ కాలేజీ, ఫుట్‌బాల్ రిక్రూటింగు, ప్రయాణాలు:
ఏడాదికి పదకొండు వేల నాలుగు వందలు.
ప్రతి జూలైలో ఆ అంకె టైపు చేసేది నేనే,
వేలు వణక్కుండా.
మనుషులు: ఒకటిన్నర.
ఆ ఒకటీ ఆయన.
లైన్‌మెన్‌కి కోచ్, బస్సుకి డ్రైవరు,
గురువారాలు జెర్సీలు ఉతికేదీ ఆయనే.
ఆ అర, నోయెలియా బరాజాస్.
వారానికి పంతొమ్మిది గంటలు,
ఇరవై దాటితే ఇన్సూరెన్సు ఇవ్వాలి మరి.

నదికి అవతల పెద్ద యూనివర్సిటీలో
రిక్రూటింగుకి ఏకంగా ఒక అంతస్తే ఉందట.
వచ్చిన కుర్రాడి పోస్టరు చెయ్యడానికి ఆరుగురు,
వాడి నిద్ర లెక్కగట్టడానికి ఇద్దరు,
వాళ్లమ్మకి ఏ పూలిష్టమో కనుక్కోవడానికి ఒకామె,
ఆమెకో సహాయకురాలు.

స్టకీ చెప్పాడు, నవ్వుతూనే:
"టెరియన్ వెళ్లేసరికి గోడంతా వాడి పేరు
దీపాలతో వెలుగుతోందట, వెర్నా.
మన గోడకి రంగు వేయించమని అర్జీ పెట్టి రెండేళ్లు.
తిప్పి కొట్టింది నువ్వేగా?"

నేనే.

టెరియన్ అక్కడికే వెళ్లాడు. వెళ్లడా మరి?
తొమ్మిదో తరగతిలో, బూట్లు చాలక
వేళ్లు ముడుచుకుని పరిగెత్తే పిల్లాణ్ణి
ముందు చూసిన కన్ను స్టకీది.
దున్నినవాడొకడు, కోసుకున్నవాడింకొకడు.
నా పుస్తకంలో మాత్రం మూడేళ్ల పెట్రోలు.
ఎదురుగా గడి ఖాళీ.
దానికి ఆయన కుంగిపోలేదు. అలవాటే.

మార్చిలో ఆ అంతస్తు నుంచే మళ్లీ ఫోన్.
ఈసారి ఆటగాడి కోసం కాదు.
నోయెలియా కోసం.
తెల్లవార్లూ కూర్చుని వీడియోలు కత్తిరించి
ఒక్కో కుర్రాడికీ ఒక్కో వరుస రాసిపెట్టే పిల్ల.
పూర్తి జీతం. పంటి వైద్యం కూడా.
అక్కడ ఆమెది నలభై మూడో కుర్చీ.

వెళ్లమని చెప్పింది స్టకీయే.
కేకు కొన్నాడు, పదహారు డాలర్ల తొంభై సెంట్లు.
ఆ రసీదు డబ్బాలోకి రాలేదు,
చెత్తబుట్టలో దొరికింది నాకు.

ఆ అర కొట్టెయ్యమని పైనుంచి వచ్చిన కాగితం
ఇంకా నా సొరుగులోనే ఉంది.

మధ్యాహ్నాలు ఆయన తన గదిలో
ఆమె వదిలివెళ్లిన పట్టిక పైకి చదువుకుంటాడు.
గోడ పల్చన, నాకూ వినిపిస్తుంది.

"ఓడిస్ రెన్‌ఫ్రో. తొంభై ఆరో వరుస.
ఎటు కదలబోతాడో ఎడమ భుజం ముందే చెప్పేస్తుంది,
నేర్పితే పోతుంది.
తల్లికి రాత్రి డ్యూటీ, రెండు దాటాకే ఫోన్ చెయ్యాలి.
ముందు కుక్క సంగతి అడగాలి."

గడియారం ఒంటిగంట యాభై.
పది నిమిషాలపాటు
అవతల కుర్చీ కూడా కిర్రుమనలేదు.

తర్వాత, గొంతు సవరించుకుని,
"నమస్తే అమ్మా, కార్డర్ స్టేట్ నుంచి.
కుక్క ఎలా ఉంది?"